నాలుగు పిండాలు

తడిపిన తునికాకును గోనెసంచిలో చుట్టి పక్కకు పెడుతుంటే ఫోన్ మోగింది. చేతులు తడిగా ఉన్నాయి, వేలి కణుపుతో స్పీకర్ నొక్కాను. అతనే, మా ఆయన. ఎట్లున్నవ్ అని అడగలేదు, ఎప్పుడూ అడగడు. "వచ్చే ఆదివారం కోరుట్లల కూసుంటున్నం గద. సామాన్ల లెక్కతోటి ఆ పిండాల ముచ్చట సుత తెంపుకుందాం. నాకు మళ్ళ మళ్ళ లీవ్ దొరకది" అన్నాడు.

ఎదురుగా కూర్చుని ఆకు కత్తిరిస్తున్న మా అమ్మ పోశవ్వ చేతిలో కత్తెర ఆగింది.

"పిండాలా? ఎవలు సచ్చిండ్రే?"

"ఎవ్వలు సావలేదవ్వా."

"మరి ఎవలకు పెడుతున్నరు?"

అతనికీ వినబడినట్టుంది. "మాపటీలి జేస్త. ఒక్కదానివే ఉండు" అని పెట్టేశాడు. మా అమ్మ మాత్రం వదల్లేదు. తనకు తెలియకుండా కోరుట్లలో ఎవరో పోయారనీ, మొగుడూ పెళ్ళాల పంచాయితి నడుస్తోందని తమకు కబురు చేయలేదనీ అప్పటికే ఖాయం చేసుకుంది. చావు కబురు చెప్పకపోవడం ఎంత అవమానమో మొదలుపెట్టింది కూడా. అందుకని చెప్పాల్సి వచ్చింది. జగిత్యాల దవాఖానలో పిల్లల కోసం సూదులు వేయించుకున్నాను కదా, అప్పుడు నా కడుపులో పెట్టినవి రెండు, మిగిలినవి నాలుగు. వాటిని చల్లటి డబ్బాలో దాచిపెట్టారు. వాటినీ పిండాలనే అంటారు. చచ్చినవాళ్ళకు పెట్టేవి కాదు, ఇంకా పుట్టనివి.

"నాలుగా? గడ్డ కట్టిచ్చి పెట్టిండ్రా?" అంది అమ్మ. కత్తెర కింద పెట్టింది. "చలి పెడుతదేమోనే వాటికి."

ఆ మాటకు ఎవరికైనా ఏడుపొస్తుంది. నాకు రాలేదు. ఆకు ఆరిపోతుందని గోనెసంచి మీద ఇంకో చెంబు నీళ్ళు చల్లాను. చాలా రోజులుగా నాకు ఇంతే. ఏడవాల్సిన చోట చేతికి ఏదో ఒక పని దొరుకుతుంది.

నేను కోరుట్ల వదిలి సిరిసిల్లలో అమ్మ దగ్గరకు వచ్చి ఏడాది దాటింది. పగలు బడిపిల్లల యూనిఫాంలు కుట్టే షెడ్డుకు పోతాను, ఆదివారం అమ్మతో బీడీల పని. షెడ్డులో ఆర్డర్ ఎక్కువైనప్పుడల్లా సూపర్‌వైజర్ అజయ్ తిన్నగా నా మిషన్ దగ్గరకే వస్తాడు. "నువ్వు ఉండక్కా. వీళ్ళంతా పిల్లలున్నోళ్ళు, జల్ది ఇంటికి పోవాలె. నీకేం తొందర?" చెడ్డవాడు కాదు, నిజంగానే నాకు తొందర లేదనుకుంటాడు. పక్క మిషన్ల ఆడవాళ్ళు పాపం అన్నట్టు చూసి, దారం తుంచి, టిఫిన్ డబ్బాలు సర్దుకుంటారు. వాళ్ళ పిల్లలు వేసుకునే చొక్కాలకు నేను కాలర్లు కుడుతూ కూర్చుంటాను. పిల్లలు లేని ఆడదానికి ఇంటి దగ్గర పని ఉండదనీ, అసలు ఇల్లే ఉండదనీ ఈ లోకానికి ఎవరు చెప్పారో తెలియదు. కోరుట్లలో ఉన్నప్పుడు కూడా అంతే. ఆడబిడ్డ కాన్పుకు వస్తే నేనే, మామయ్యకు కాలు విరిగితే నేనే, ఎవరింట్లో పెళ్ళయినా పొయ్యి ముందు నేనే. కానీ పసుపు దంచే దగ్గరకు మాత్రం పిలిచేవారు కాదు. మా అత్త మొగిలవ్వ ముఖం మీద అనేది కాదు, పక్కింటావిడతో అనేది. "మా కోడలు పనిల ఉషారే. ఏం లాభం, దేవుడు ఒక్కటి మరిచిండు."

దేవుడు మరిచిపోయింది నన్ను కాదు. ఆ సంగతి ముగ్గురికే తెలుసు. నాకు, అతనికి, జగిత్యాల డాక్టరమ్మకు.

పెళ్ళయ్యాక రెండో లీవుకు దుబాయ్ నుంచి వచ్చినప్పుడు ఇద్దరం పోయి పరీక్షలు చేయించుకున్నాం. నావి అన్నీ బాగున్నాయి. అతని వీర్యంలో శుక్రకణాలు లేవన్నారు. తక్కువ కాదు, లేవు. ఇంకోసారి చేశారు, అప్పుడూ లేవు. డాక్టరమ్మ నెమ్మదిగానే చెప్పింది, ఇది ఎవరి తప్పూ కాదమ్మా, బ్యాంకు నుంచి దాత కణాలు తెప్పించుకోవచ్చు, దాత ఎవరో మీకు తెలియదు, మీరెవరో దాతకు తెలియదు అంది. అతను గోడ మీది పాప ఫొటో చూస్తూ కూర్చున్నాడు. బయటకు వచ్చాక బస్టాండులో చెరుకురసం ఇప్పించాడు. గ్లాసు నా చేతికిచ్చి, "గిది మన ఇద్దరి నడుమనే ఉండాలె సరితా. మా అవ్వకు తెలిస్తే సస్తది" అన్నాడు. పెళ్ళయినప్పటి నుంచి అతని నోట 'మన' అన్న మాట వినడం అదే మొదలు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఇద్దరికీ ఒక రహస్యం ఉందంటే ఇద్దరం ఒకటే అనుకున్నాను. అతని లోపం నాకు లోపంగా అనిపించలేదు, ఇప్పటికీ అనిపించదు. దగ్గొచ్చినట్టు, కంటిచూపు తగ్గినట్టు అదీ ఒంటికి వచ్చే బాధే. దాత కోసం ఇద్దరం సంతకాలు పెట్టాం. అతను దుబాయ్ వెళ్ళిపోయాడు.

సూదులు నాకు. పొద్దున లేచి, పాలు పొయ్యి మీద పెట్టి, వంటింటి తలుపు దగ్గరకేసి బొడ్డు పక్కన నేనే పొడుచుకునేదాన్ని. మందు ఫ్రిజ్‌లో పెడితే మా అత్త తీసి కిటికీలో పెట్టేది, పెరుగు పక్కన అవేంది, అంటు అని. చెడిపోయిందేమోనని ఆ మందును పారేసి కొత్తది తెచ్చుకుంటే, "కొడుకు ఎండల రెక్కలు ముక్కలు చేసుకుంటుంటే గిక్కడ మందులు పారవోస్తున్నవా" అంది. కడుపు ఉబ్బి నడవలేకపోయినా షేర్ ఆటోలో బస్టాండుకు, బస్సులో జగిత్యాలకు పోయి, మధ్యాహ్నానికి తిరిగొచ్చి అన్నం వండేదాన్ని. మత్తిచ్చి అండాలు తీసిన రోజు కూడా సాయంత్రం నేనే చపాతీలు చేశాను, మామయ్యకు రాత్రి అన్నం పడదు. ఈ బాధంతా అతనికి ఫోన్‌లో చెబితే, "నేనేమన్న జెయ్యగలుగుతనా గిక్కడికెళ్ళి? నువ్వే చూస్కోవాలె" అనేవాడు. నేనే చూసుకున్నాను.

కడుపులో పెట్టిన రెండూ నిలవలేదు. ఆ సంగతి నాకు జొన్నపిండి కలుపుతున్నప్పుడు తెలిసింది. చెయ్యి కడుక్కుని బాత్రూంలోకి పోయి, చూసుకుని, వచ్చి మళ్ళీ పిండి కలిపాను. ఆ వారమే మా అత్త నన్ను కొండగట్టుకు తీసుకెళ్ళి తడిబట్టలతో గుడి చుట్టూ తిప్పింది. దిగి వచ్చేటప్పుడు మెట్ల మీద కలిసిన చుట్టాలావిడతో, నా ముందే, "మావోని విత్తనం మంచిదే. భూమి సౌడు భూమి అయితే విత్తనం ఏం జేస్తది" అంది. నేను అతని వైపు చూడడానికి అతను అక్కడ లేడు. రాత్రి ఫోన్‌లో ఈ మాట చెప్పాను. "అననీ. పెద్దమనిషి. నువ్వు తట్టుకుంటవ్" అన్నాడు. మన రహస్యం అంటే నేను మోసేది, అతను దాక్కునేది అని ఆ రాత్రి అర్థమైంది. అప్పుడైనా కోపం రావాలి కదా. కాలు తిమ్మిరెక్కితే గిల్లినా తెలియదే, అట్లా అయింది నాకు. తర్వాత అతని ఫోన్లు తగ్గాయి. ఒకరోజు మామయ్యతో కబురు చేశాడు, మీ అమ్మ దగ్గరకు పోయి కొన్నాళ్ళు ఉండమని. ఆ కొన్నాళ్ళు ఏడాదయ్యాయి. ఇప్పుడు విడాకులు. కోర్టుకంటే ముందు కులం పెద్దలతో కూర్చుని సామాను పంచుకోవాలి.

సాయంత్రం మళ్ళీ ఫోన్ చేశాడు. నేను పెరట్లో బట్టలు తీస్తున్నాను.

"మెట్‌పల్లి దిక్కు ఒక పిల్లను చూసినం" అన్నాడు. "పేదోళ్ళు. మంచోళ్ళు."

"మంచిదే" అన్నాను.

"ఆ నాలుగు నాకు రాసియ్యి. ఆ పిల్లకు పెట్టిస్త."

క్లిప్పు నా వేళ్ళ మధ్యే ఉండిపోయింది. "ఆమెకు చెప్పినవా?"

"ఏం జెప్పాలె? డాక్టర్ దగ్గరికి తోల్కపోతం, సూదులిస్తరు. నాది ఆమెది కలిపి పెట్టిండ్రనుకుంటది. మళ్ళ మొదటికెల్లి దాత గీత అంటే ఆమెకు తెలుస్తది, వాళ్ళ నాయినకు తెలుస్తది. ఇజ్జత్ పోతది. ఇవ్వైతే తయారున్నయ్ గద." గొంతు మెత్తగా చేసుకున్నాడు. "నువ్వు ఎవ్వలకు జెప్పవు, నాకెరుక. నువ్వు మంచిదానివి సరితా."

బట్టలు మడత పెట్టి లోపల పెట్టాను. అమ్మ అన్నం పెడితే తిన్నాను. మంచిదానివి అన్న మాట మాత్రం పంటి కింద రాయిలా ఉండిపోయింది. ఆ నాలుగింటిలో అతనిది ఏమీ లేదు. సగం ఎవరో తెలియని మనిషిది, సగం నాది. ఆ ఇంట్లో ఎవరి రక్తమైనా వాటిలో ఉందంటే, వాళ్ళు చవుడు భూమి అన్న నాదే. రేపు అందులో ఒకటి పిల్లగా పుట్టి, నా ముక్కుతో, మా అమ్మ నవ్వుతో మొగిలవ్వ ఒళ్ళో కూర్చుంటే, మావోని విత్తనం అని ఊరంతా చాటింపు వేస్తుంది. నిలవకపోతే ఆ మెట్‌పల్లి పిల్ల కొండగట్టు మెట్ల మీద తడిబట్టలతో నిలబడుతుంది. ఆమె పేరు కూడా నాకు తెలియదు. అయినా ఆమె కడుపు మీద సూది గుచ్చుకునే చోటు నాకు తెలుసు.

మర్నాడు షెడ్డులో టీ టైముకు బయటకొచ్చి జగిత్యాల సెంటర్‌కు ఫోన్ చేశాను. కౌన్సిలర్ మేడం గుర్తుపట్టింది. అన్నీ చెప్పలేదు, విడిపోతున్నామని మాత్రం చెప్పాను.

"ఇద్దరి ఒప్పుదల ఉంటేనే అవి వాడాలమ్మా. కడుపుల పెట్టకముందు ఇద్దర్ల ఎవ్వరు వద్దన్నా అక్కడనే ఆగుతది" అంది.

"నాకు కావాలంటే?"

"ఆయన ఒప్పుకోవాలె."

"ఆయన ఎవరికైనా పెట్టియ్యాలంటే?"

"మొదలు మీరు ఒప్పుకోవాలె. మీరు ఒప్పుకోకపోతే ఇగ ముచ్చటనే లేదు."

ఇంకో మాట అడగాలని ఉండి అడగలేక, చివరికి అడిగేశాను. "మేడం, చట్టంలో అవి నా పిల్లలేనా?"

"పిల్లలనైతే అనరమ్మా. అట్లని బీరువా, బంగారం లెక్క ఆస్తి అని సుత పంచియ్యరు. మీ ఇద్దరి మాట మీద ఆగి ఉన్నయ్, గంతే."

మనిషీ కాదు, సామానూ కాదు. కోరుట్ల ఇంట్లో నేనూ అట్లాగే ఉండేదాన్ని, ఇంకొకరి మాట మీద ఆగి. ఇప్పుడు నా మాట మీద కూడా ఆగేవి లోకంలో ఉన్నాయంటే వింతగా అనిపించింది. అజయ్ లోపలి నుంచి కేక వేశాడు, కాలర్లు అయిపోవాలని. పోయి కుట్టాను.

ఆదివారం అమ్మా నేనూ బస్సులో కోరుట్ల పోయాం. వాళ్ళ ఇంటి హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. పెద్దమనుషులు నలుగురు, వాళ్ళలో మాట చెల్లేది మల్లేశం మామది. అతను కొత్త చొక్కాలో, ఒళ్ళు చేసి, ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. అమ్మ గడప పక్కన కింద కూర్చుంది. నేను ఇంకా కూర్చోలేదు, అత్త వంటింట్లోంచి తొంగిచూసింది. "సరితా, జర చాయ్ పెట్టు బిడ్డా. ఎవలకు చక్కెర ఎక్కువనో, ఎవలకు తక్కువనో నీకెరుకే గద."

నా కాళ్ళు వంటింట్లోకి నడిచాయి. అల్లం ఎక్కడుందో చేతికి తెలుసు. నా విడాకుల పంచాయితికి నేనే చాయ్ పెడుతున్నానని పాలు పొంగేటప్పుడు గానీ తోచలేదు. తోచాక కూడా మంట తగ్గించి, మల్లేశం మామ గ్లాసులో చక్కెర తక్కువ వేశాను, ఆయనకు షుగర్.

హాల్లో లెక్క నడుస్తోంది. బీరువా పిల్లోళ్ళది, అంటే మాది, మంచం పిల్లోళ్ళది, బోళ్ళు పిల్లోళ్ళవి. ఫ్రిజ్ పిలగానిది. దేనికీ గొడవ లేదు. మల్లేశం మామ గొంతు సవరించుకున్నాడు. "ఇగ ఆ దవాఖాన పిండాలు. నాలుగున్నయట. నాలుగూ కావాలె అంటుండు మహిపాల్. నాకైతే గిసొంటి పంచాయితి ఎన్నడు రాలే. మన పద్ధతిల చూస్తే, మేకను పాలుకిస్తం. మేపినోనికి పిల్లలల్ల సగం, మేకగల్లోనికి సగం. గట్ల చెరి రెండు తీస్కుంటే ఎవ్వలకు నష్టం లేదు."

మిగతావాళ్ళు తలలూపారు. న్యాయంగానే ఉందనిపించింది వాళ్ళకు. ఆ లెక్కలో నేను మేపినదాన్నో మేకనో ఎవరూ చెప్పలేదు. నా మాట లేకుండా అవి డబ్బాలోంచి కదలవని కూడా అతను తప్ప అక్కడ ఎవరికీ తెలియదు. నేను గ్లాసుల ప్లేటు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను.

"పాలుకు ఎట్ల పెద్దయ్యా?" మా అత్త లేచింది. "దీనికి రెండిస్తే ఏం జేసుకుంటది? ఒక్కటన్న నిలుపుకున్నదా? గొడ్డుదాని చేతుల పెట్టి ఆగం చేసుడేనా? విత్తనం మాది. మా వంశం. భూమి ఎవలదైనా, విత్తనం ఏసినోనిదే పంట."

గొడ్డుది. ఇన్నేళ్ళకు ఆ మాట ముఖం మీద అంది. గడప పక్కన మా అమ్మ తల ఇంకా కిందికి వంగింది. బిడ్డ కడుపు పండకపోవడం తన తప్పే అన్నట్టు, ఇన్నేళ్ళూ ఈ గడప దగ్గర ఆమె ఇట్లాగే కూర్చుంది. అతని వైపు చూశాను. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. నా కళ్ళలోకి చూసి చిన్నగా తలూపాడు, ఏం కాదు, తట్టుకో అన్నట్టు.

"అది సుత కరెక్టే" అన్నాడు మల్లేశం మామ. "విత్తనం ఎవలదో వానికి ఇచ్చుడు ధర్మం. ఏమంటవ్ బిడ్డా? సంతకం పెడుతవా? ఆ మెట్‌పల్లోళ్ళకు ఇవి ఎక్కడియో మనం చెప్పే పని సుత లేదు."

పెట్టను అని ఒక్క మాట అని, అమ్మను లేపుకుని బస్సెక్కితే నా వరకు సరిపోతుంది. వచ్చేటప్పుడు బస్సులో అదే అనుకుంటూ వచ్చాను. కానీ అప్పుడు నేను పంతానికి పిల్లల్ని ఎండబెట్టిన గొడ్డుదాన్ని, అతను అన్యాయమైపోయిన మంచి మొగుడు, ఆ పిల్ల వచ్చే నెల ఈ వంటింట్లో ఎవరికి చక్కెర ఎంతో నేర్చుకుంటూ ఉంటుంది. చేతిలో ప్లేటు వేడి తగిలింది. ఎంతసేపటి నుంచి కాలుతోందో, ఇప్పుడు తెలిసింది. కాలింది, బాగా కాలింది. చాయ్ ఎవరికీ ఇవ్వకుండా ప్లేటును కింద పెట్టి, పోయి మా అమ్మ పక్కన నిలబడ్డాను. మల్లేశం మామతోనే మాట్లాడాను. మా ఆయన పేరు నా నోటితో పలకడం అదే మొదటిసారి.

"మీరన్నదే ధర్మం మామా. విత్తనం ఎవలదో వాళ్ళకే ఇద్దాం. ఆ మనిషెవలో మహిపాల్‌నే చెప్పమనుండ్రి, నాలుగింటికి ఇప్పుడే సంతకం పెడుత."